జర్మనీలో డబ్బులొచ్చే చెత్త, డబ్బులు రాని చెత్త

జర్మనీకి మాస్టర్స్‌కి వచ్చే మనవాళ్లు ఎవరైనా సరే మొదటి వారంలోనే నేర్చేసుకునేది ఫాండ్ గురించి. కోక్ టిన్నో నీళ్ల ప్లాస్టిక్ బాటిలో కొంటే 25 సెంట్లు ఎక్కువ కట్టించుకుంటారు, ఖాళీది తెచ్చి సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే ఆ డబ్బుకి చీటీ వస్తుంది, బీరు గాజు సీసాకైతే 8 సెంట్లు. టిన్నులకీ ఒకసారి వాడి పారేసే బాటిళ్లకీ ఈ పద్ధతి 2003 నుంచి ఉంది. నలుగురు కలిసుండే ఫ్లాట్‌లో వంటగది మూల ఎప్పుడూ ఒక పెద్ద సంచి ఉంటుంది, నెలాఖరుకి ఎవరో ఒకరు మోసుకెళ్లి ఆ చీటీతో పాలు, ఉల్లిపాయలు తెస్తారు. ఎవరూ క్లాస్ పీకక్కర్లేదు.

నేను పార్ట్‌టైమ్ చేసే సూపర్‌మార్కెట్‌లో ఆ మెషిన్ వెనక నిండిన సంచులు మార్చడం నా పనే. దానికి కాస్త అవతల ఇంకో చిన్న డబ్బా ఉంటుంది, అయిపోయిన బ్యాటరీలు వేయడానికి. బ్యాటరీలు అమ్మే షాపు ఏదైనా సరే అది అమ్మే రకం బ్యాటరీలు పాతవి ఊరికే వెనక్కి తీసుకోవాలి, అది ఇక్కడి చట్టం, ఎక్కడ కొన్నావు బిల్లేది అని అడగరు. కానీ దీంట్లో వేస్తే పైసా రాదు కదా, అందుకే మెషిన్ దగ్గర సంచులతో క్యూలో నించునే మన కుర్రాళ్లు ఈ డబ్బా వైపు చూడను కూడా చూడరు. నేను అడుగుతుంటాను, రిమోట్ సెల్స్ ఏం చేస్తున్నార్రా అని. చెత్తలో పడేశాం అన్నా, ఇంకేం చేస్తాం అంటారు.

నా బాధంతా ఇక్కడే. అరటితొక్క గోధుమరంగు డబ్బాలో కాకుండా ఇంకోదాంట్లో పడితే కంపోస్ట్ తగ్గుతుంది అంతే, దాన్ని సర్దుకోవచ్చు. ఫోన్లలో, పవర్ బ్యాంకుల్లో ఉండే లిథియం బ్యాటరీ చెత్త డబ్బాలో పడితే మాత్రం అది లారీలోకి వెళ్తుంది, లారీలో చెత్తని నొక్కే ప్రెస్ ఉంటుంది, ఆ ఒత్తిడికి బ్యాటరీ లోపల ప్లస్‌నీ మైనస్‌నీ విడదీసే పల్చటి పొర చిరిగిపోయి షార్ట్ అయి వేడెక్కి భగ్గుమంటుంది, చుట్టూ ఉండేది కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు. ప్లాస్టిక్ ప్యాకింగ్ వేసే పసుపు డబ్బాలో పడ్డా ఇదే కథ, కాకపోతే అంటుకునేది సార్టింగ్ ప్లాంట్‌లో. మంటలు ఆర్పేది, ఆ పొగ పీల్చేది అక్కడ పనిచేసేవాళ్లు, వాళ్లలో మనలాగే బయటి దేశాలనుంచి వచ్చినవాళ్లు కూడా బోలెడుమంది.

పైగా బ్యాటరీ ఎక్కడుందో చాలామందికి తెలియదు. పాట పాడే గ్రీటింగ్ కార్డు, నడిస్తే లైట్లు వెలిగే పిల్లల బూట్లు, ఎలక్ట్రిక్ టూత్ బ్రష్, పొగ పీల్చే వేప్, ఇవన్నీ మామూలు చెత్తలా కనపడతాయి కానీ కాదు. వస్తువు మీద కొట్టేసిన చెత్త డబ్బా బొమ్మ ఉందంటే దాన్ని ఇంట్లో ఏ డబ్బాలోనూ వేయకూడదని అర్థం. 2022 జులై నుంచి 800 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు కూడా, ఎలక్ట్రిక్ సామాను అప్పుడప్పుడూ అమ్మేవైతే చాలు, పొడవు 25 సెంటీమీటర్లు దాటని పాత ఐటమ్స్ ఏమీ కొనకపోయినా తీసుకోవాలి. చార్జర్, ఇయర్‌ఫోన్స్, పాత ఫోన్, ట్రిమ్మర్ అన్నీ ఇందులోకి వస్తాయి.

లిథియం బ్యాటరీని డబ్బాలో వేసేముందు దాని కొనలకి టేప్ అంటించాలి, ఒకదానికొకటి తగిలి షార్ట్ కాకుండా. ఉబ్బిపోయిన పవర్ బ్యాంక్ అయితే షాపు డబ్బాలో అస్సలు వేయొద్దు, దాన్ని గుచ్చొద్దు, ఒత్తొద్దు, ఇనప డబ్బాలో పొడి ఇసకలో పెట్టి ఊరి రీసైక్లింగ్ యార్డుకి తీసుకెళ్లి అక్కడి మనిషి చేతికే ఇవ్వాలి. మిగిలిన పెయింట్, థిన్నర్, పురుగుల మందు, పాత పాదరసం థర్మామీటర్ కూడా యార్డుకో లేదా కొన్ని ఊళ్లలో వీధుల్లోకొచ్చే ప్రమాదకర చెత్త బండికో ఇవ్వాలి, సింక్‌లో పోయడం మాత్రం వద్దు. గారెలు వేయగా మిగిలిన నూనె కూడా సింక్‌లో వద్దు, పైపులు పట్టేస్తాయి, చల్లారాక మూతున్న సీసాలో పోసి మిగతా చెత్త వేసే నల్ల డబ్బాలో వేస్తే చాలు.

ఇక్కడ కారు బ్యాటరీకి 7.50 యూరోల డిపాజిట్ ఉంది, కొత్తది కొనేటప్పుడు పాతది ఇవ్వకపోతే అది కట్టాల్సిందే, అందుకే కారు బ్యాటరీ ఎవరూ చెత్తలో పడేయరు. లిథియం వాటికీ అలాంటి డిపాజిట్ పెట్టమని చెత్త సేకరించే కంపెనీల సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. నాకైతే అది చాలా సరైన మాట అనిపిస్తుంది, బాటిల్‌కి 25 సెంట్లు పెడితే జనం మోసుకొస్తున్నారు కదా, మంట పుట్టించే వస్తువుకి ఎందుకు పెట్టరు?

మన ఊళ్లో కూడా చూడండి, ఇన్వర్టర్ బ్యాటరీ పాడైతే అమ్మానాన్నా దాన్ని చెత్తలో వేయరు, ఎక్స్ఛేంజ్‌లో రేటు తగ్గుతుందని షాపుకి పంపిస్తారు. గోడ గడియారం పెన్సిల్ సెల్, పగిలిన ట్యూబ్‌లైట్, వాడిన ఇంజెక్షన్ సూది మాత్రం అన్నంమెతుకుల కవర్లోనే పోతాయి. తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయాలని మన దేశంలో 2016 చెత్త రూల్స్‌లోనే చెప్పారు, చాలాచోట్ల ఆ మూడోది ఎవరికీ పట్టదు. ఆ కవరు విప్పేది గ్లవ్స్ కూడా లేని చెయ్యి. అందుకే ఫోన్‌లో మా అమ్మకి చెప్పాను, సెల్స్‌కీ సూదులకీ మూతున్న డబ్బాలు వేరువేరుగా పెట్టమ్మా, చెత్త ఆటో అబ్బాయి వచ్చినప్పుడు ఇందులో ఏముందో నోటితో చెప్పి ఇవ్వు అని. పెట్టింది.

అక్టోబర్ సెమిస్టర్‌కి వచ్చేవాళ్లకి ఒక మాట, డబ్బాల రంగులు, రూల్స్ ఊరుని బట్టి మారతాయి, మీ సిటీ వెబ్‌సైట్‌లో చెత్త క్యాలెండర్ ఉంటుంది చూసుకోండి. పాత ఫోన్ షాపులో ఇచ్చేముందు సిమ్ తీసేసి ఫోటోలు అవీ మీరే చెరిపేయాలి, షాపులో మేం చేయం.