దకారం కోసం నాలుగో అర్జీ

మధ్యాహ్నం ఫోనులో మా ఊరి పటం తెరిచినప్పుడు మళ్ళీ అదే కనిపించింది: 'డాసరి కొండ'. పేర్లు తెలుగులో చూపించమని అడిగింది నేనే కాబట్టి, ఇంగ్లీషులో ఉన్న పేరును యంత్రం తెలుగు చేసి, దకారం ఉండవలసిన చోట డకారం కూర్చోబెట్టింది. సవరించమని ఇదివరకు మూడుసార్లు రాశాను. 'ధ్రువీకరించలేకపోయాము' అన్న ఒకే ఒక్క వాక్యం మూడుసార్లూ జవాబుగా వచ్చింది. నాలుగోసారి రాస్తుండగా మా ఆయన తొంగిచూసి, "కొండ ఎక్కడికీ పోదులే" అన్నారు. కొండ పోదని నాకూ తెలుసు, పోయింది కొండ కాదు.

తప్పు ఫోనులో పుట్టలేదని కూడా తెలుసు. తమ్ముడు పోయిన నెల పంపిన పాత పటం ప్రతి నా బల్ల మీదే ఉంది. మైలుకు అంగుళం చొప్పున గీసిన సర్వే ఆఫ్ ఇండియా పటం అది. 1905 తరువాత మొదలైన రంగుల పటాల వరసలోది, మా వైపు పటాలన్నిటికీ ఉన్నట్టే దీని సంఖ్య కూడా 65తో మొదలవుతుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు సమోన్నత రేఖలు వేలిముద్రలాగా దగ్గరదగ్గరగా చుట్టుకుని, నడిమధ్య చిన్న త్రికోణం, దాని పక్కన అడుగుల్లో ఎత్తు, ఆ కింద వాలు అక్షరాలలో కొండ పేరు ఉన్నాయి. ఆ పేరు మొదట ఉన్న ఇంగ్లీషు 'డి' అక్షరమే నా శత్రువు. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో రాయడానికి 1870లలో ప్రభుత్వం ఆమోదించిన హంటర్ పద్ధతిలో దకారానికీ డకారానికీ అదొక్కటే అక్షరం, తకారానికీ టకారానికీ ఇంకొక్కటి. కోటకూ కోతకూ, పాడుకూ పాదుకూ మధ్య ఉన్న గోడ ఆ పటాలలో అలా కూలిపోయింది. తెలిసినవాడు సరిగానే చదువుకుంటాడు. తెలియని యంత్రం 'డాసరి' అంటుంది.

నా కోపమంతా ఇక్కడే. ఆ సర్వే శాఖ మనుషులు అజాగ్రత్తపరులైతే క్షమించి ఊరుకునేదాన్ని. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సర్వే అధికారి ల్యాంబ్టన్ కొలిచిన ఆధారరేఖ, అంటే మిగతా కొలతలన్నిటికీ మూలమైన గీత, పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు. దాని కోసం నూరడుగుల ఉక్కు గొలుసును చెక్కపెట్టెలలో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వేడికి అది ఎంత సాగిందో లెక్కగట్టి తీసివేశారు. కోణాలు కొలిచే, అర టన్ను బరువున్న థియోడొలైటు అనే యంత్రం 1808లో తంజావూరు గోపురం మీదికి ఎత్తుతుండగా దెబ్బతింటే, ల్యాంబ్టన్ వారాల తరబడి కూర్చుని దాన్ని తన చేతులతో సరిచేసుకున్నాడు. ఉక్కు ఎండకు ఎంత సాగుతుందో పట్టించుకున్న ఆ శాఖకు, ఒక పేరు పలికేటప్పుడు నాలుక పళ్ళకు తగులుతుందా, అంగిలికి తగులుతుందా అన్నది పట్టించుకోదగిన సంగతిగా తోచలేదు.

చేతకాక అనడానికీ లేదు. ఈ రంగుల పటాలకు నూరేళ్ళ ముందే మెకంజీ అనే సర్వే అధికారి, సర్వే చేయిస్తూనే, ఏలూరి కావలి బొర్రయ్యనూ అతని తమ్ముళ్ళనూ దగ్గర పెట్టుకుని, ఊరూరా కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించాడు. వాటిలో తెలుగువాళ్ళు చెప్పిన ఊరి పేర్లు తెలుగు అక్షరాలలోనే ఉన్నాయి. ఆ మెకంజీయే 1815లో భారతదేశానికి మొదటి సర్వేయరు జనరల్ అయ్యాడు. అటువంటి ఆరంభం ఉన్న శాఖ, చివరికి అచ్చువేసిన పటంలో ఒక్క తెలుగు అక్షరానికి కూడా చోటివ్వలేదని తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం దాకా ఈ మంట ఇలాగే ఉంది. తరువాత తాతయ్య గొలుసు గుర్తొచ్చింది.

తాతయ్య వయసులో ఉన్నప్పుడు కరణంగారి వెంట గొలుసు పట్టేవాడు. నా చిన్నప్పటికి ఆ గొలుసు మా వసారాలో మేకుకు వేలాడుతూ ఉండేది. అరవైయారు అడుగులు, నూరు లింకులు. పది లింకులకొకటి చొప్పున ఇత్తడి బిళ్ళలు ఉండేవి: పదో లింకు దగ్గర ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు పళ్ళు, సరిగ్గా మధ్యన గుండ్రటి బిళ్ళ. కళ్ళు మూసుకుని బిళ్ళను వేళ్ళతో తడిమి ఎన్నో లింకో చెప్పడం మా ఆట. నేను ముప్పైని నలభై అన్నప్పుడల్లా తాతయ్య, "పది లింకుల పొలం ఎవరి నోట్లో కొట్టావే?" అనేవాడు. ఒక వేసవి పొద్దున్నే నన్ను కొండ మీదికి తీసుకెళ్ళాడు. పైన బండ మీద జానెడు వెడల్పున ఒక వలయం, దాని మధ్యలో చుక్క చెక్కి ఉన్నాయి. గాడిలో ఎర్రమన్ను, ఒక చచ్చిన తేనెటీగ ఉన్నాయి. నేను దాని మీద నిలబడబోతే తాతయ్య రెక్క పట్టుకుని లాగి, "చుక్క తొక్కకు" అన్నాడు. ఎందుకు తొక్కకూడదో చెప్పలేదు. సర్వేవాళ్ళు ఎక్కడెక్కడి కొండల నుంచో ఈ చుక్కను చూసి కోణాలు కొలిచారని మాత్రం చెప్పాడు. దిగేటప్పుడు నా చెప్పు తెగింది. సగం దారి నన్ను ఎత్తుకునే దిగాడు.

రాత్రి భోజనాలయ్యాక అమ్మకు ఫోను చేసి, నా నాలుగో అర్జీకి సాక్ష్యం చెబుతుందనే ధీమాతో అడిగాను. అమ్మ తాపీగా, "దాసరికొండ అని మనమెప్పుడన్నామే? మనకది కొండ, అంతే. ఆ పేరు కిందూరివాళ్ళు అంటారు" అంది.

అప్పటి నుంచీ తాతయ్య నోట ఆ పేరు ఎక్కడైనా వినబడుతుందేమోనని వెతుకుతున్నాను. "కొండెక్కుదాం రా" అన్నాడు. "కొండ మీద వాన పడుతోంది" అన్నాడు. పేరు పెట్టి పిలిచిన జ్ఞాపకం ఒక్కటీ దొరకలేదు. ఊళ్ళో ఉన్నది ఒకటే కొండ అయినప్పుడు పేరుతో పనేముంది? పటం గీసే బల్ల, ప్లేన్ టేబులు, మోయించుకుంటూ వచ్చిన సర్వేయరుకు మాత్రం పని ఉంది, అతని కాగితం నిండా కొండలే కదా. బహుశా అతని గుడారం కిందూరి చెరువుగట్టున వేసి ఉంటారు. అతను అడిగి ఉంటాడు, ఎవరో చెప్పి ఉంటారు. అదే గుడారం మా ఊరి వైపు వేసి ఉంటే పటంలో ఏముండేదో! నాకు ఆ పేరు తెలిసింది తాతయ్య వల్లనో, తమ్ముడు పంపిన ఈ కాగితం వల్లనో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను. మా నోటి నుంచి లాక్కున్నారని నేను ఇన్నాళ్ళూ పోట్లాడిన అక్షరం మా నోట్లో ఎన్నడూ లేదన్నమాట.

అయినా కిందూరివాళ్ళు కూడా దకారంతోనే కదా అంటారు! 'డాసరి' అన్న మనిషి భూమ్మీద లేడు. కాబట్టి సవరణ సవరణే, అందులో నేను వెనక్కి తగ్గేది లేదు. పీకుతున్నది వేరే. అర్జీలో 'కారణం' అన్న గడిలో నాలుగుసార్లూ నేను రాసిన వాక్యం ఇది: 'మా ఊరివారందరూ తరతరాలుగా దాసరికొండ అనే పిలుస్తారు.' ఇందాక తెరిచి చూస్తే, ఈసారి జవాబు మారింది. 'పరిశీలనలో ఉంది' అంటోంది. ఆ ఒక్క వాక్యం దిద్దుదామని అరగంటగా వెతుకుతున్నాను, పంపిన అర్జీని వెనక్కి తీసుకునే మీట ఎక్కడా కనబడటం లేదు.