పేరు, ఊరు, పోస్టు, థానా

ఇప్పుడు మన మధ్య లేని అయ్యగారు బళ్ళో మనకి తెలుగు మాస్టారు, చర్చిలో పాస్టరు, ఆదివారాలు జైల్లో ఖైదీలకి ఆరాధన జరిపేవారు. ఒడిశాలోని మన బరంపురం బజారులో ఎవర్నడిగినా జైలు అయ్యగారనే చెప్పేవారు. వారంలో మిగతా రోజులు మనవి, ఆదివారం మధ్యాహ్నం జైలుది. ఆయన దగ్గర చదివిన ఎవరూ లేఖారచన పాఠం మరిచిపోయి ఉండరు. ఉత్తరం ఎంత చక్కగా రాసినా, చిరునామాలో ఊరు, పోస్టు, థానా (పోలీస్ స్టేషను), జిల్లా, పిన్‌కోడ్‌లలో ఏది తప్పినా మార్కులు సున్నా. థానా ఎందుకో అప్పట్లో మనకి అంతుపట్టలేదు. గంజాం, గజపతి జిల్లాల్లో ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళుంటాయి. థానా రాయకపోతే ఖైదీ ఇంటికి రాసిన కార్డు వేరే ఊరికి పోతుంది, తిరిగొచ్చేలోగా కోర్టు వాయిదా దాటిపోతుంది. జైల్లో చూసిన ఆ ఇబ్బందే మన పరీక్ష పేపర్లోకి వచ్చింది.

మార్చి 29న మాత్రం పాఠం పక్కన పెట్టి స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ నాయక్ గురించి చెప్పేవారు. 1943లో అదే రోజున ఆయన్ని ఉరి తీసింది మన బరంపురం జైల్లోనే.

జైలు ఆరాధనకి ఏర్పాట్లు శనివారం రాత్రే మొదలయ్యేవి. ప్రభు సంస్కారానికి, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడానికి, జైల్లో పులిసిన ద్రాక్షారసం పనికిరాదు. జైల్లోకి మద్యం తీసుకెళ్ళడం 1894 నాటి కారాగారాల చట్టం 42వ సెక్షన్ కింద నేరం, 6 నెలల దాకా ఖైదు పడొచ్చు. అందుకని పావుకిలో నల్ల ఎండుద్రాక్ష కడిగి, లీటరు నీళ్ళలో నానబెట్టి, ఆదివారం పొద్దున్న ఉడికించి, మెదిపి, వడకట్టేవారు. మే నెలలో రాత్రంతా నానితే నురగ కట్టి పులుపెక్కుతుంది. ఆ నెలల్లో నానబెట్టడం మానేసి పొద్దున్నే ఎక్కువసేపు ఉడికించడమే. గాజు కుదరదు, స్టీలు క్యాను, మనిషికో చెంచా. రొట్టె ఇంట్లోనే ముక్కలు చేసుకెళ్ళాలి, చాకు గేటు దాటదు. కీర్తనల పుస్తకాలకి స్టేపుల్ పిన్నులు పీకేసి అమ్మగారు (అయ్యగారి భార్య) దారంతో కుట్టేవారు. హార్మోనియం తీసుకెళితే తిత్తుల్లోకి చెయ్యి పెట్టి మరీ వెతుకుతారు, అరగంట అక్కడే పోతుంది. చప్పట్లే తాళం.

జైలుకి రెండు గేట్లు, రెండూ ఒకేసారి తెరవరు. మధ్యలో తనిఖీ, రిజిస్టరులో సంతకం. అయ్యగారిది జేబుల్లేని లాల్చీ. జేబుంటే ఎవరో ఒకరు చీటీ వేస్తారు, బయటపడితే వేసినవాడికీ, మోసినవాడికీ ముప్పే. లోపల బాప్తిస్మం ఇచ్చేవారు కాదు. ప్రలోభపెట్టి మతం మార్చకూడదని ఒడిశాలో 1967లోనే చట్టం వచ్చింది. ఆరాధన దగ్గర సబ్బుబిళ్ళ పంచినా అది ప్రలోభమే అనేవారు. సబ్బులు, నూనె జైలరుకి అప్పగిస్తే ఏ మతమని అడక్కుండా వార్డులో అందరికీ వెళ్ళేవి. నిజం చెప్పాలంటే ప్రసంగీకుడిగా ఆయన సామాన్యుడే. తెలుగులో మొదలెట్టి ఒడియాలోకి మారేసరికి సగంమంది ఆవలిస్తూ ఉండేవారట.

ఆయన అసలు పని ప్రసంగం అయ్యాకే మొదలయ్యేది. పేజీలకి నంబర్లు వేసిన బైండు పుస్తకం ఒకటి, సూపరింటెండెంటు అనుమతితో, లోపలికీ బయటికీ గేటులో చూపించి తీసుకెళ్ళేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, థానా, సెక్షన్లు, అరెస్టయిన తేదీ, తర్వాతి వాయిదా, వకీలున్నాడా లేడా. వకీలు లేకపోతే జిల్లా న్యాయ సేవల సంస్థకి దరఖాస్తు. కస్టడీలో ఉన్నవాడికి ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టమే ఇచ్చిన హక్కు. అరెస్టు తేదీ గడి మాత్రం ఎర్ర సిరాతో. గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిచిపోతే బెయిలు అడగొచ్చని 2006లో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అమల్లోకొచ్చిన 436ఎ సెక్షన్ చెప్పేది. దొంగతనానికి గరిష్ఠం 3 ఏళ్ళు, అంటే ఏడాదిన్నర. 2024 జూలై నుంచి దాని బదులు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ వచ్చింది. మొదటిసారి కేసైతే మూడోవంతు చాలు, కానీ మరో కేసు నడుస్తుంటే ఇది వర్తించదు. ఆ సంగతి చాలామంది దాచిపెట్టి, తీరా కోర్టులో దెబ్బతినేవారు. గంజాయి 20 కిలోలు దాటిన కేసుల్లో, కూలికి సంచి మోసినవాడికైనా, అయ్యగారు లేనిపోని ఆశ పెట్టేవారు కాదు. బెయిలు బాగా కష్టం, శిక్ష పడితే పదేళ్ళకి తగ్గదు.

బెయిలు వచ్చినా బయటికి రానివాళ్ళే ఆయనకి పెద్ద దిగులు. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళకి జామీను (పూచీ) ఇచ్చే బంధువుల భూమి పాసుబుక్కులు ఆంధ్రావి. స్థానిక జామీనే కావాలని గుమాస్తాలు తిప్పి పంపుతారు. వేరే జిల్లావాడన్న కారణంతో జామీను తోసిపుచ్చడం తప్పని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు జిరాక్సు కాపీల కట్ట ఆయన చేతిసంచిలో ఎప్పుడూ ఉండేది. పాసుబుక్కు, శిస్తు రసీదు తహసీల్దారు దగ్గర సరిచూడ్డానికి రోజులు పడుతుంది కాబట్టి, బెయిలు ఆర్డరు రాకముందే ఆ పని మొదలెట్టించేవారు. విడుదల ఆర్డరు సాయంత్రం లాకప్ లోపు జైలుకి చేరకపోతే ఇంకో రాత్రి లోపలే.

విడుదలైనవాణ్ణి నేరుగా ఇంటికి తీసుకొచ్చేవారు కాదు. ఇద్దరు ఆడపిల్లలున్న ఇల్లు, అది అమ్మగారు పెట్టిన షరతు. ఆయన నోరెత్తకుండా ఒప్పుకున్నారు. చర్చి వరండాలోనే టీ, లుంగీ, చొక్కా, తువ్వాలు, మరమరాల పొట్లం, బస్సు ఖర్చు. దీనికి సంఘంలో కొందరు మూతి విరిచారు. పాస్టరు ఇంటి తలుపు తెరిచి ఉండాలి కదా అని. అమ్మగారి మాటే సబబని నాకనిపిస్తుంది. అప్పు ఎవరికీ ఇచ్చేవారు కాదు, ఇవ్వగలిగింది ఊరికే ఇచ్చేవారు. అప్పిస్తే మనిషి మళ్ళీ మొహం చూపించడని ఆయన లెక్క.

సోమవారం సాయంత్రం ఇంటిది. వంట ఆయనే చేసేవారు. గోపాలపురం నుంచి వాడబలిజ (జాలరి) ఆడవాళ్ళు తెచ్చే కవళ్ళ చేపలతో పులుసు, దానికి చింతపండు తీసేది చిన్నమ్మాయి. ఆ పూట జైలు మాట ఎత్తితే అమ్మగారు గరిటె చూపించేవారు. ఖైదీల ఇళ్ళకి వెళ్ళేటప్పుడు మాత్రం ఆవిడ తోడుండాల్సిందే. మగదిక్కు లేని ఇంటికి ఆయన ఒక్కరే గడప దాటేవారు కాదు.

ఆయన ప్రభువునందు నిద్రించాక ఖైదీల వివరాల బైండు పుస్తకాలన్నీ పెద్దమ్మాయి తీసుకుంది. వాటిలో ఫోన్ నంబర్లు చాలావరకు పనిచెయ్యడం లేదట. ఊరు, థానా ఉన్నవాళ్ళకి మాత్రం కార్డు రాస్తే జవాబులొస్తున్నాయి.