హెడ్‌క్వార్టర్స్ రెస్ట్

డిసెంబరు రెండో సగానికి వచ్చేసరికి నా పని చల్లబడుతుంది. మాది న్యూయార్క్ క్లయింటు. క్రిస్మస్ ముందు నుంచి కొత్త సంవత్సరం దాకా కోడ్ ఫ్రీజ్ పెడతారు, అంటే ప్రొడక్షన్‌లోకి కొత్తగా ఏదీ పంపకూడదు, సిస్టమ్ పడిపోతే తప్ప ఎవరూ ఎవరినీ కదిలించరు. ఏడాదంతా లాప్‌టాప్ వీపున వేసుకుని ఊళ్లు తిరుగుతూ పనిచేసే నేను ఆ రోజులకి హైదరాబాద్ వచ్చేస్తాను. రాగానే అందరూ అడిగేది ఒకటే, ఈ ఏడాది ఎన్ని ఊళ్లు చూశావని. ఆ లెక్క మీద నాకు ఆసక్తి పోయింది. ఈ సంవత్సరం నాకు తేలిన సంగతి వేరే ఉంది: తిరుగుతూ పనిచేసేవాళ్లు ఇంటి దగ్గర రెస్ట్‌ని వీలు దొరికినప్పుడు చూసుకుందాంలే అని వదిలేయకూడదు, రూలు పెట్టుకుని తీసుకోవాలి.

ఊళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. చలి తగ్గుతుండగా కేరళలో వర్కల, ఎండాకాలంలో హిమాచల్‌లోని బీర్, వానలు వెనకపట్టాక థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్. బీర్‌లో బిల్లింగ్ కొండ మీంచి పారాగ్లైడర్లు దిగుతుంటే చూస్తూ పనిచేసుకోవచ్చు, కానీ గాలివాన మొదలైతే కరెంటు పోతుంది, దాంతోపాటు వైఫై, ఇక ఫోన్ హాట్‌స్పాట్ మీదే మీటింగు. థాయ్‌లాండ్‌కి మాత్రం డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) మీద వెళ్లాను. 2024లో మొదలుపెట్టారు దీన్ని, మాలాంటివాళ్ల కోసమే. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల దాకా ఉండనిస్తారు, బ్యాంకులో 5 లక్షల బాత్‌లు ఉన్నట్టు చూపించాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి గుట్టుగా పనిచేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ టెన్షన్ వద్దనిపించింది.

న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర మీటింగ్ అంటే ఎండాకాలం మనకి రాత్రి ఏడు. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పటినుంచి మనకి ఎనిమిది, చియాంగ్ మాయ్‌లో తొమ్మిదిన్నర. అది కార్తీక పౌర్ణమి రోజులు. అక్కడివాళ్లు ఆ పున్నమికి లాయ్ క్రథాంగ్ చేసుకుంటారు, అరటిబోదె ముక్క మీద ఆకులూ పూలూ పేర్చి, మధ్యలో కొవ్వొత్తీ అగరొత్తులూ గుచ్చి పింగ్ నదిలో వదులుతారు, అచ్చం మనం కృష్ణలో అరటిదొప్ప దీపాలు వదిలినట్టే. మేడ మీద గదిలో నేను మ్యూట్ తీసి స్టేటస్ చెప్తుంటే కింద వీధిలో పిల్లలు ఆ దొప్పలు పట్టుకుని నదివైపు పరుగెడుతున్నారు. మీటింగ్ అయ్యాక కూడా కిందికి దిగబుద్ధి కాలేదు. అలసట. మంచం, కుర్చీ, ఆఫీసు అన్నీ ఆ ఒక్క గదిలోనే. పని ఎప్పుడు ముగిసిందో చెప్పేవాళ్లు లేరు, పని లేనప్పుడేమో తర్వాతి ఊళ్లో గది వెతుక్కోవడం, అక్కడ కుర్చీ బాగుందా, నెట్ ఎంత వస్తుంది అని మెసేజ్‌లు పెట్టడం. అదీ పనే, జీతం లేని పని.

ఇదంతా నాన్నకి చెప్తే ఆయన వెంటనే, "మీకు అవుట్‌స్టేషన్ రెస్ట్ ఇస్తున్నారు గానీ హెడ్‌క్వార్టర్స్ రెస్ట్ లేదమ్మా. మనిషి ఎన్నాళ్లు ఆగుతాడు?" అన్నారు.

నాన్న గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. 2022లో ఆ పోస్టు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు, మా ఇంట్లో మాత్రం గార్డే. మా చిన్నప్పుడు మెట్టుగూడ క్వార్టర్స్‌కి అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టి కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. లైన్ బాక్స్ అని ఒక ఇనుపపెట్టె ఉండేది ఆయనకి, మూత మీద తెల్ల పెయింటుతో పేరూ హోదా, లోపల ఎర్రజెండా, పచ్చజెండా, ప్రమాద హెచ్చరికకి పట్టాల మీద పెట్టే డిటోనేటర్లు, టెయిల్ ల్యాంపు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, అట్ట ఊడిపోయిన రూల్ బుక్. కాజీపేట వెళ్లినా కర్ణాటకలోని వాడి జంక్షన్ వెళ్లినా, రైలు సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో పడుకుని మళ్లీ బండెక్కాలి. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేస్తే బయటి స్టేషన్‌లో 8 గంటల రెస్ట్, అదే సొంత హెడ్‌క్వార్టర్స్‌లో, అంటే ఇల్లున్న ఊళ్లో, 16 గంటలు. ఇవి కాక నెలకి 30 గంటలవి నాలుగు గానీ 22 గంటలవి ఐదు గానీ పీరియాడికల్ రెస్టులు. ఆయన పగలు పడుకుంటే అమ్మ కిటికీకి రగ్గు కట్టేది, మేం గట్టిగా మాట్లాడాలంటే వీధిలోకి పోవాల్సిందే.

పరాయి ఊళ్లో నిద్రా ఇంట్లో నిద్రా ఒకటి కావని రైల్వే ఎప్పుడో గుర్తించి గంటల్లో రాసిపెట్టింది. ఆ తేడా ఎంత నిజమో ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే నా ఒంటికి తెలిసింది. వేళకి అన్నం పెట్టేవాళ్లున్నారు, ఏ పూట ఏం తినాలో ఆలోచించక్కర్లేదు, ధనుర్మాసం కదా తెల్లారకముందే గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుంది, విని అటు తిరిగి మళ్లీ పడుకోవచ్చు. ఫ్రీలాన్సర్‌ని కాబట్టి డిసెంబరు 15 లోపు అడ్వాన్స్ ట్యాక్స్ 75 శాతం పూర్తిచేయాలి, అది కట్టేశాను. బుక్ ఫెయిర్‌కి వెళ్లి, ఈసారి బ్యాగు బరువు గురించి ఆలోచించకుండా, లావు పుస్తకాలు కొన్నాను.

లాప్‌టాప్‌ని కూడా ప్యారడైజ్ దగ్గర సీటీసీకి, అంటే కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్సుకి, తీసుకెళ్లాను. కొన్నాళ్లుగా ట్రాక్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ అవ్వట్లేదు. రిపేరు షాపు అబ్బాయి దాన్ని కంటి ఎత్తుకి లేపి పక్కనుంచి చూపించాడు, ట్రాక్‌ప్యాడ్ ఒక అంచున పైకి లేచి ఉంది. వెనక మూత విప్పితే బ్యాటరీ అప్పడంలా పొంగింది. "దీంతోనే ఫ్లైట్ ఎక్కినారా మేడమ్?" అని అడిగి తల ఊపాడు. రోజంతా చార్జర్‌కి తగిలించి వేడిలో వాడితే లిథియం బ్యాటరీలు లోపల గ్యాస్ పట్టి ఇలా ఉబ్బుతాయట, గుచ్చుకుంటే అంటుకుంటాయి కూడా. మీ ట్రాక్‌ప్యాడ్ బిగుసుకుపోయినట్టు అనిపిస్తే ఒకసారి చూపించుకోండి, దయచేసి.

వచ్చే ఏడాదికి రూల్స్ రాసుకున్నాను. ఏ ఊళ్లోనైనా నెలకి తక్కువ ఉండను. వారానికో ఊరు మారితే అటు పనీ సరిగ్గా జరగదు, ఇటు ఊరూ తెలియదు. బయట రెండు నెలలు దాటకుండా హైదరాబాద్ రావాలి, వచ్చాక మొదటి మూడు రోజులు మీటింగులు లేవు. దీన్ని క్లయింటు టీమ్ లీడ్‌తో మాట్లాడి కొత్త కాంట్రాక్టులో పెట్టించాను. ఆవిడ అభ్యంతరమేమీ చెప్పలేదు, ఎవరూ అడగరు కాబట్టి ఇవ్వలేదు అంది. మీలో ఇలా పనిచేసేవాళ్లుంటే రెన్యూవల్ టైములోనే అడగండి, మధ్యలో అడిగితే అదేదో సెలవు అడుక్కున్నట్టు ఉంటుంది.

జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్, నుమాయిష్, మొదలవుతుంది, అమ్మని తీసుకుని అమీర్‌పేటలో మెట్రో మారి గాంధీభవన్‌లో దిగాలని ప్లాన్. సంక్రాంతి, కనుమ అయ్యాక శబరి ఎక్స్‌ప్రెస్‌లో మళ్లీ వర్కల. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఫిబ్రవరి మూడో వారం తిరుగు టికెట్ కూడా ఇప్పుడే దొరికింది. నాన్నే బుక్ చేశారు, లోయర్ బెర్తు, సికింద్రాబాద్ దాకా.