అంతర్జాతీయ సంబంధాలు: మొదటి సెమిస్టర్‌లో తడబడేది ఎక్కడ?

“1962లో సోవియట్ యూనియన్ క్యూబాలో క్షిపణులు ఎందుకు పెట్టింది?” అని ప్రశ్న ఇస్తే చాలా జవాబులు “వాస్తవికవాదం అంటే…” అని మొదలవుతాయి. రెండు పేజీలు వాస్తవికవాదం, ఒక పేజీ ఉదారవాదం, చివర్లో నాలుగు లైన్ల క్యూబా. రాసిందాంట్లో తప్పేమీ ఉండదు. అడిగినదానికి జవాబే ఉండదు. మొదటి సెమిస్టర్‌లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. దేన్ని వివరిస్తున్నామో, ఏ స్థాయి నుంచి చూస్తున్నామో తేల్చుకోకుండా సిద్ధాంతాలు అప్పజెప్పడం దీనికి కారణం.

ముందు మాటల సంగతి. మామూలు తెలుగులో ‘దేశం’ అన్న ఒక్క మాటతో అన్నీ గడిచిపోతాయి, ఈ సబ్జెక్టులో గడవదు. స్థిరమైన జనాభా, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించే సామర్థ్యం ఉన్నది రాజ్యం. 1933 నాటి మాంటెవిడియో ఒప్పందం మొదటి ఆర్టికల్ చెప్పే నాలుగు లక్షణాలు ఇవే. మనమంతా ఒకటి అన్న భావన ఉన్న జనసమూహం జాతి. ఆ రాజ్యాన్ని ఇప్పుడు నడుపుతున్నవాళ్లు ప్రభుత్వం. పశ్చిమాసియాలోని కుర్దులు జాతి, కానీ వాళ్లకు సొంత రాజ్యం లేదు. ఎన్నికల్లో ప్రభుత్వం మారినా రాజ్యం అదే ఉంటుంది కాబట్టి పాత ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాలు దానంతటవే రద్దయిపోవు. ఇంగ్లిష్ పుస్తకంలో ‘స్టేట్’ అని కనబడగానే నోట్సులో ‘రాష్ట్రం’ అని రాసుకుంటే ఆ పేరా మొత్తం అర్థం మారిపోతుంది. ‘రాజ్యం’ అని రాసుకోండి.

‘అనార్కీ’తో ఇంకో చిక్కు. దాన్ని ‘అరాచకం’ అనుకోగానే గందరగోళం, లూటీలు, కొట్లాటలు మనసులోకి వస్తాయి. ఈ శాస్త్రంలో దాని అర్థం అది కాదు. ‘అరాజకం’ అన్న పాత మాట దీనికి చక్కగా సరిపోతుంది, అంటే రాజు లేని స్థితి. రాజ్యాలన్నింటి పైనా కూర్చుని ఆజ్ఞలు అమలుచేయించే అధికారి ఎవరూ లేరు, అంతే. అరాజకంలో దశాబ్దాల శాంతి కూడా ఉండొచ్చు. దీన్ని సరిగా పట్టుకోకపోతే ఏ సిద్ధాంతమూ ఒంటబట్టదు, ఎందుకంటే వాటి తగాదా అంతా ఈ స్థితి వల్ల ఏం జరుగుతుందన్న దాని మీదే.

ఇక స్థాయిలు. యుద్ధాలకు కారణం మనిషిలో ఉందా, రాజ్యం లోపలి నిర్మాణంలో ఉందా, రాజ్యాల వ్యవస్థలో ఉందా అని 1959లో అమెరికా రాజనీతి పండితుడు కెన్నెత్ వాల్ట్జ్ మూడుగా విడదీశాడు. ఈ విభజనను నేర్చుకోవడానికి క్యూబా సంక్షోభం కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వ్యవస్థ స్థాయిలో చూస్తే, రెండు అగ్రరాజ్యాల మధ్య అణ్వాయుధాల సంఖ్యలో అమెరికా అప్పటికి చాలా ముందుంది. మధ్యశ్రేణి క్షిపణులను క్యూబాకు చేరిస్తే ఆ తేడాను తక్కువ ఖర్చుతో కొంత పూడ్చుకోవచ్చు. రాజ్యం స్థాయిలో చూస్తే, అమెరికాలో నవంబరులో కాంగ్రెస్ ఎన్నికలు ఉన్నాయి, కాబట్టి అధ్యక్షుడు మెత్తగా కనబడటం కష్టం. సైనికాధికారులు వైమానిక దాడి కోరుతుంటే మరికొందరు సలహాదారులు నౌకల దిగ్బంధం చాలన్నారు. ఇక వ్యక్తుల స్థాయిలో, 1961 ఏప్రిల్‌లో క్యూబాపై అమెరికా మద్దతుతో జరిగిన బే ఆఫ్ పిగ్స్ దాడి విఫలమయ్యాక అమెరికా అధ్యక్షుడు కెనెడీ గురించి సోవియట్ నేత క్రుశ్చేవ్ వేసుకున్న అంచనా ఉంది, క్యూబాను కాపాడాలన్న అతని పట్టుదల ఉంది.

ఈ మూడింటినీ వరసగా పేర్చేస్తే జవాబు అయిపోదు. ప్రశ్నను బట్టి స్థాయి మారుతుంది. “క్షిపణులు ఎందుకు పెట్టారు” అన్నదానికి వ్యవస్థ స్థాయి చాలావరకు పనికొస్తుంది. “అక్టోబరు 22న కెనెడీ బాంబుదాడి కాకుండా దిగ్బంధమే ఎందుకు ప్రకటించాడు” అన్నదానికి అది దాదాపు ఏమీ చెప్పదు, గదిలో కూర్చున్నవాళ్ల దగ్గరికి దిగాల్సిందే. ఒక్క సంక్షోభం, రెండు ప్రశ్నలు, రెండు వేరువేరు జవాబులు.

ఇదే సంక్షోభం సాక్ష్యం విలువనూ నేర్పుతుంది. అక్టోబరు 28న క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడు. కెనెడీ గట్టిగా నిలబడ్డాడు కాబట్టే అలా జరిగిందన్న వివరణ చాలాకాలం చెలామణి అయింది. అయితే ముందురోజు రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దొబ్రినిన్‌ను కలిసి, టర్కీలో అమెరికా పెట్టిన జూపిటర్ క్షిపణులను తీసేస్తామని మాట ఇచ్చాడు. దాన్ని రహస్యంగా ఉంచాలన్నది షరతు. 1963 ఏప్రిల్ నాటికి అవి తొలగిపోయాయి. ఈ సంగతి కలిపితే బెదిరింపు ఫలించిన కథ కాస్తా ఇచ్చిపుచ్చుకున్న బేరంగా మారుతుంది. అందుకే వివరణ రాసేటప్పుడు “ఏ కాగితం బయటపడితే నా వాదన కూలిపోతుంది?” అని ఒక్క లైను పక్కన రాసుకోవాలి. నా దృష్టిలో ఈ కోర్సు ఇవ్వగలిగిన అతి విలువైన అలవాటు ఇదే.

సిద్ధాంతాల పేర్లు కూడా దారి తప్పిస్తాయి. వాస్తవికవాదం అంటే వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చెప్పేది అనీ, యుద్ధాన్ని మెచ్చుకునేది అనీ అనుకోవద్దు. అరాజకంలో ప్రతి రాజ్యం తన భద్రతను, బలాన్ని తానే చూసుకోవాల్సి వస్తుందన్నది దాని వాదన. 2003 ఇరాక్ యుద్ధానికి ముందు అమెరికాలో దాన్ని బాహాటంగా వ్యతిరేకించినవాళ్లలో మియర్‌షైమర్, వాల్ట్ వంటి పేరున్న వాస్తవికవాదులు ఉన్నారు. ఉదారవాదానికీ ఆ పేరుతో ఉన్న పార్టీలకూ ఇక్కడ సంబంధం లేదు. సంస్థలు, వాణిజ్యం, ప్రజాస్వామ్యం వల్ల అరాజకంలోనూ సహకారం సాధ్యమన్నది దాని వాదన. రాజ్యాలు ఒకదాన్నొకటి ఎలా చూస్తాయన్న భావనలే వాటి ప్రవర్తనను మలుస్తాయనేది కన్‌స్ట్రక్టివిజం. దానికి ఆ సిద్ధాంతకర్త అలెగ్జాండర్ వెంట్ ఇచ్చిన ఉదాహరణ చాలు: బ్రిటన్ దగ్గరున్న 500 అణ్వాయుధాల కన్నా ఉత్తర కొరియా దగ్గరుండే 5 అమెరికాను ఎక్కువ భయపెడతాయి. ఆయుధం అదే, సంబంధం వేరు.

ఐక్యరాజ్యసమితి చార్టర్ గురించి పాఠ్యపుస్తకంలో చదివి ఊరుకోవద్దు, చార్టర్‌నే చదవండి. మొత్తం 111 ఆర్టికల్స్, ఒక సాయంత్రం పని. తీరిక లేకపోతే 2(4), 2(7), 24, 25, 27, తర్వాత 39 నుంచి 51 వరకు. ‘వీటో’ అన్న మాట అందులో ఎక్కడా కనిపించదు. ఆర్టికల్ 27 ప్రకారం భద్రతామండలిలో సభా నిర్వహణ విషయాలు కాని తీర్మానాలకు 15 మందిలో 9 అనుకూల ఓట్లు కావాలి, ఐదుగురు శాశ్వత సభ్యుల (అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్) సమ్మతి కావాలి. ఓటింగ్‌కు దూరంగా ఉంటే సమ్మతి లేనట్టు కాదన్నది ఆచరణలో స్థిరపడింది, 1971లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా దాన్ని అంగీకరించింది. 2011లో లిబియాపై 1973వ నంబరు తీర్మానం 10 ఓట్లతో గట్టెక్కింది, రష్యా, చైనాతో సహా 5 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. 9 ఓట్లే రాకపోతే తీర్మానం వీటో లేకుండానే వీగిపోతుంది. ఈ లెక్క తెలియకుండా రాసిన వీటో వ్యాసం ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది.

హేగ్‌లోని రెండు కోర్టులను కలిపేయడం ఇంకో మామూలు పొరపాటు. అంతర్జాతీయ న్యాయస్థానంలో వాదప్రతివాదులు రాజ్యాలే. అంతర్జాతీయ నేర న్యాయస్థానం విచారించేది వ్యక్తులను. 2002లో అమల్లోకి వచ్చిన రోమ్ శాసనం దానికి ఆధారం.

చదివే పద్ధతికి వస్తే, 30 పేజీల వ్యాసాన్ని మొదటి లైను నుంచి మొదలుపెట్టొద్దు. సారాంశం, ఉపోద్ఘాతం, ముగింపు ముందు చదవండి. తర్వాత నాలుగు లైన్లు రాయండి: ప్రశ్న ఏమిటి, జవాబు ఏమిటి, సాక్ష్యం ఏమిటి, ఎవరితో తగాదా. నాలుగో లైను రాయలేకపోతే వ్యాసం ఇంకా అర్థం కానట్టే. మధ్య పేజీల్లోకి అప్పుడు వెళ్లండి.

1,500 పదాల వ్యాసం రాయాల్సివస్తే మొదటి 150 పదాల్లో జవాబు చెప్పేయండి. ఒకటే ఉదాహరణ తీసుకోండి, మూడు తీసుకుంటే మూడూ పైపైనే మిగులుతాయి. 300 పదాలైనా మీ వాదనకు పోటీగా ఉన్న వివరణకు ఇవ్వండి, దాని బలహీనమైన రూపానికి కాక బలమైన రూపానికి. చివరిగా, సిద్ధాంతాల పేర్లన్నీ పెన్సిల్‌తో కొట్టేసి డ్రాఫ్ట్ మళ్లీ చదవండి. ఫలానావాళ్లు ఫలానా కారణంతో ఫలానా పని చేశారన్న వాదన ఇంకా కనబడుతుంటే పేర్లను తిరిగి పెట్టి ఇచ్చేయొచ్చు.