ప్రింటర్ మాయమవడానికి కారణం దొరికింది: ఛానెల్ 13

శనివారం రాత్రి

దొరికింది! ఉదయం బుద్ధిగా పనిచేసి సాయంత్రానికి నెట్‌వర్క్‌లోంచి మాయమయ్యే ప్రింటర్ గుట్టు ఈ రాత్రి బయటపడింది. విండోస్ ఎక్స్‌పీ తప్పు కాదు, గోడ తప్పు కాదు, పాస్‌వర్డ్ తప్పు అంతకన్నా కాదు. వైఫై సిగ్నల్ నడిచే అంకెల దారుల్లో, అంటే ఛానెళ్లలో, రౌటర్ తనంతట తానే 13కి వెళ్లి కూర్చుంటోంది. మా ప్రింటర్‌కు 11 దాటితే లోకమే లేదు.

ముందు సరంజామా చెబుతాను. కోర్ 2 డుయో ఈ7500, జీ41 బోర్డు, 4 జీబీ ర్యామ్. రెండు డిస్కులు: ఒకదాంట్లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3, రెండోదాంట్లో డెబియన్ 12 లైనక్స్. వైఫైకి ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్. పాత కంప్యూటర్‌కు వైఫై పెట్టుకోవాలని ఎవరు అడిగినా నేను ఇప్పటికీ ఈ అథెరోస్ చిప్ పేరే చెబుతాను. వైఫై పట్టీల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, 5 గిగాహెర్ట్జ్ రాదు, వేగం కాగితం మీద సెకనుకు 150 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. అయితేనేం, లైనక్స్‌లో డ్రైవర్ కోసం రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు. ప్రింటర్ సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ నలుపు-తెలుపు లేజర్. రౌటర్ మాత్రం కొత్తది, ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చింది. ఈ రెండింటి కంపెనీల పేర్లు రాయను. ఈ గొడవ ఏ ఒక్కరి సరుకుకో పరిమితమైనది కాదు.

ఈ రోజుల్లో ఎక్స్‌పీ ఎందుకని అడగబోయేవారికి: పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, సొంత సంకేతాలతో నడిచే పాత తెలుగు ఫాంట్లు ‘అను’. మా పెద్దనాన్నగారి పద్యాలన్నీ డీటీపీ సెంటర్ వాళ్లు అందులోనే కూర్చారు. ఆ ఫైలును ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే సీసపద్యం కాస్తా ఇంగ్లిషు అక్షరాలు, పౌండు గుర్తులు, కొమ్ములు, చుక్కల గందరగోళమవుతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులా కనిపించే యూనికోడ్‌లోకి మార్చే పని మొదలుపెట్టాను కానీ, మూలంతో పక్కపక్కన పెట్టి సరిచూడటానికి అసలు పేజీ కాగితం మీద కావాలి. అందుకే ఈ ప్రింటర్ ప్రహసనం.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆపేసింది కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌లోకి పంపే ఉద్దేశం నాకు లేదు. నెట్‌వర్క్‌లో దాని ఐపీ చిరునామా చేత్తో ఇచ్చి, గేట్‌వే (బయటి నెట్‌కు ద్వారం) గడి, డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు చిరునామాలు వెతికేది) గడి రెండూ ఖాళీగా వదిలేశాను. ప్రింటర్ ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉంది కనుక దాన్ని చేరడానికి గేట్‌వే అక్కర్లేదు. బయటికి వెళ్లే దారి ఎక్స్‌పీకి తెలియదు. దీనికి పెద్ద ఫైర్‌వాల్ ప్రోగ్రాములు వేసేవారిని చూశాను. పాత కంప్యూటర్ మీద ఆ బరువు దండగ.

డెబియన్‌లో కప్స్ అనే అచ్చు వ్యవస్థ ప్రింటర్‌ను మొదటిసారే పట్టుకుంది. ఎక్స్‌పీలో నెట్‌వర్క్ ప్రింటర్‌కు దారి అయిన టీసీపీ/ఐపీ పోర్టు పెట్టి, డేటాను ఉన్నదున్నట్టు పంపే రా మోడ్‌లో పోర్టు నంబర్ 9100 ఇచ్చాను, అదీ అయింది. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఇక అసలు కథ.

ప్రింటర్ ఉదయం అచ్చు వేస్తుంది. సాయంత్రం ఏడు దాటాక ఫైలు పంపితే క్యూలో అలాగే పడి ఉంటుంది. నెట్‌వర్క్‌లో ‘ఉన్నావా’ అని పలకరించే పింగ్‌కు జవాబు ఉండదు. రౌటర్ పేజీ తెరిస్తే కనెక్ట్ అయిన పరికరాల్లో ఫోన్లున్నాయి, టీవీ ఉంది, పాత కంప్యూటర్ కూడా ఉంది, ప్రింటర్ ఒక్కటే లేదు. ప్రింటర్ ఆపి మళ్లీ వేసినా రాదు. రౌటర్ ఆపి వేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. ఆ ‘ఒక్కోసారి’ దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే: చిరునామా మారిపోతోందేమో. రౌటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రసుకు, అంటే తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్యకు, 192.168.1.50 కట్టేశాను. మార్పు లేదు. చిరునామా మారడమే కారణమైతే పరికరాల జాబితాలో కొత్త అంకెతోనైనా కనిపించాలి. ఇక్కడ అసలు జాబితాలోనే లేదు.

రెండో అనుమానం సిగ్నల్. రౌటర్ హాల్లో టీవీ పైన, ప్రింటర్ లోపలి గదిలో. మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దానికి ఆనుకుని ఇనుప బీరువా. ఫోనులో కొలిస్తే రౌటర్ పక్కన మైనస్ 41 డీబీఎం (సున్నాకు దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ), ప్రింటర్ మీద పెట్టి చూస్తే మైనస్ 66. బల్లను బీరువా చాటు నుంచి బయటికి జరిపితే మైనస్ 59 అయింది. ఏడు డీబీలు బాగుపడ్డాయని సంతోషించాను కానీ, అసలు మైనస్ 66 కూడా ప్రింటర్‌కు కావలసిన దానికంటే ఎక్కువే. అది పనిచేస్తున్న సమయంలో రెండు వందల పింగ్‌లు పంపితే మూడు పోయాయి, సగటు జవాబు 6 మిల్లీసెకన్లు. సిగ్నల్ చాలనప్పుడు పింగ్‌లు పదిలో నాలుగు పోతాయి, పేజీ సగంలో ఆగుతుంది, నత్తనడక నడుస్తుంది. ఇక్కడ అలా కాదు. ఉంటే పూర్తిగా ఉంది, పోతే పూర్తిగా పోయింది.

మూడోది భద్రత సెట్టింగ్. కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అనే రెండు వైఫై రక్షణ పద్ధతులు కలిపి వచ్చింది. పాత పరికరాలకు ఆ కలగలుపు పడకపోవడం మామూలే. ఎక్స్‌పీకి ఎలాగూ డబ్ల్యూపీఏ3 రాదు. కాబట్టి డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ గుప్తీకరణ మాత్రమే ఉంచాను. ఎక్స్‌పీ కనెక్షన్ కుదుటపడింది. ప్రింటర్ సాయంత్రానికి యథాప్రకారం మాయం. ఆ తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకీ వేర్వేరు పేర్లు పెట్టాను, ఒకే పేరు ఉంటే రౌటర్ పరికరాలను అటూ ఇటూ తోస్తుందని. అదీ కాదు. అయినా పేర్లు వేరుగా ఉండటమే నాకిష్టం. ఏ పరికరం ఎక్కడుందో మనకు తెలియాలి.

దారి చూపింది ప్రింటర్ వేసిన కాగితమే. నెట్‌వర్క్ లేకున్నా ముందు బటన్ నొక్కి పట్టుకుంటే ఒక నివేదిక అచ్చు వేస్తుంది. పాస్‌వర్డ్ తప్పైతే అందులో ఒక సందేశం ఉంటుంది. చిరునామా దొరక్కపోతే 169.254తో మొదలయ్యే అంకె ఉంటుంది. ఆ కాగితంలో ఈ రెండూ లేవు. ‘నెట్‌వర్క్ కనబడలేదు’ అని ఉంది. అంటే గొడవ తలుపు తట్టే దగ్గర కాదు, ఇల్లే కనిపించలేదు. కిందనే తనకు కనిపించిన వైఫైల పట్టిక: మా పై అంతస్తు వాళ్లవి, పక్కింటివి, ఎదుటి మెడికల్ షాపుది. ఛానెళ్ల వరుస పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. 1, 1, 6, 6, 4, 11, 11, 9, 11. పదకొండు దాటి ఒక్కటీ లేదు.

అదే క్షణంలో ఫోనులో వైఫై ఎనలైజర్ తెరిచాను. మా రౌటర్ 13లో ఉంది.

తర్వాత అంతా పరీక్షే. రౌటర్‌లో ‘ఆటో’ తీసేసి ఛానెల్‌ను చేత్తో మార్చుకుంటూ వచ్చాను. 11 పెడితే నలభై సెకన్లలో ప్రింటర్ పింగ్‌కు జవాబిచ్చింది. 12 పెడితే పోయింది. 13కు కూడా లేదు. 6కు వచ్చింది, 1కి వచ్చింది. మళ్లీ 13కు తీసుకెళ్లగానే మాయం. ప్రింటర్ సెట్టింగుల పేజీలో వైఫై డైరెక్ట్ (రౌటర్ లేకుండా నేరుగా కలిసే పద్ధతి) ఛానెల్ జాబితా కూడా తెరిచి చూశాను. అందులోనూ 1 నుంచి 11 వరకే. దేశం మార్చుకునే అవకాశం ఆ మెనూలో ఎక్కడా లేదు.

ఇదంతా ఎందుకంటే, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు. ఛానెల్ 11 మధ్యబిందువు 2462, 13కు 2472. 20 మెగాహెర్ట్జ్ వెడల్పు వేసుకుంటే 13 వెళ్లి 2482 దగ్గర ఆగుతుంది, అంటే సరిహద్దు గోడకు భుజం రాసుకుంటూ. ఆ గోడ దాటాక ఉన్న పట్టీలోకి సిగ్నల్ పొంగకూడదని అమెరికాలో నిబంధన గట్టిది. అందుకే ఆ మార్కెట్‌కు చేసే చాలా పరికరాల్లో 12, 13 ఛానెళ్లను మూసేస్తారు. మన దేశంలో 13 వరకు వాడుకోవచ్చు. రౌటర్ మన లెక్కతో నడుస్తోంది, ప్రింటర్ అమెరికా లెక్కతో. సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో అందరూ ఇళ్లకు చేరతారు. 1, 6, 11 ఛానెళ్లు కిక్కిరిసిపోతాయి. రౌటర్ ఖాళీ ఎక్కడుందా అని చూసి 13కు జరుగుతుంది. రౌటర్ తెలివైన పనే చేస్తోంది, అక్కడే ఇంతకాలం మోసపోయాం. ఆపి వేసినప్పుడల్లా కొత్తగా ఎంచుకుంటుంది కాబట్టి ఒక్కోసారి ప్రింటర్ వచ్చేది, ఒక్కోసారి రాకపోయేది.

వింతేమిటంటే 2001లో విడుదలైన ఎక్స్‌పీకి, అడాప్టర్ పుణ్యమా అని, 13 హాయిగా కనిపించింది. దాని తర్వాత ఎన్నో ఏళ్లకు తయారైన ప్రింటర్‌కు కనిపించలేదు. అన్ని పరికరాలూ పనిచేస్తుంటే రౌటర్‌ను ఎవరు అనుమానిస్తారు?

ఛానెల్ 6, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. సేవ్ చేసి పడుకుంటున్నాను.

మంగళవారం

ఆదివారం సాయంత్రం ఎనిమిదింటికి, నిన్న కరెంటు పోయి వచ్చాక, ఈ ఉదయం కూడా ప్రింటర్ తన చోటే ఉంది. పద్యాల మొదటి విడత పేజీలన్నీ ఎక్స్‌పీ నుంచి అచ్చయ్యాయి.

6లో రద్దీ లేదా అంటే ఉంది. సాయంత్రం పూట పింగ్ సగటు 6 మిల్లీసెకన్ల నుంచి 14 మిల్లీసెకన్లకు పెరిగింది. కాగితం మీద అక్షరాలు వేయడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. ఫోన్లు, టీవీ 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నాయి. 2.4లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టమని సలహాలిచ్చేవారి మీద నాకు కోపం. అపార్ట్‌మెంట్‌లో అంత వెడల్పు వాడితే పట్టీలో సగం మనమే ఆక్రమించినట్టు. మనకు వేగం రాదు, పక్కవాడికి ఉన్నది పోతుంది.

ఇంకా తేలని చికాకు ఒకటుంది. గంటకు పైగా ఖాళీగా ఉండి గాఢనిద్రలోకి జారుకున్న ప్రింటర్‌కు ఎక్స్‌పీ నుంచి పంపితే మొదటి పేజీకి దాదాపు నిమిషం పడుతోంది. డెబియన్ నుంచైతే ఇరవై సెకన్లే. ఎక్స్‌పీలో ఆ పోర్టు సెట్టింగుల్లో ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల స్థితి కనుక్కునే పద్ధతి) స్థితి తనిఖీ టిక్ పెట్టి ఉంది. నిద్రలో ఉన్న ప్రింటర్‌ను అది ముందు ‘బాగున్నావా’ అని అడిగి, జవాబు కోసం కూర్చుంటోందని నా ఊహ. టిక్ తీసేసి చూడాలి.

ప్రింటర్‌ను యూపీఎస్‌కు పెట్టవచ్చా అని ఇంట్లో అడిగారు. కూడదు. కరెంటు కొలిచే ప్లగ్ పెట్టి చూస్తే నిద్రలో 4 వాట్లు తాగే ఈ మనిషి ఫ్యూజర్ (పొడిని కాగితానికి అతికించే వేడి భాగం) వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా 870కి ఎగబాకాడు. నా 600 వీఏ యూపీఎస్ మోసేది అందులో సగం కూడా కాదు. రౌటర్‌కు మాత్రం 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టె కొంటాను. రౌటర్ పవర్ అడాప్టర్ మీద 1.5 ఆంపియర్లు అని ఉంది. 1 ఆంపియర్‌వి చవగ్గా దొరుకుతాయి కానీ వాటి జోలికి పోను.

పద్యాల యూనికోడ్ ప్రతికి ఫాంటుగా మండలి ఖాయం చేశాను. పెద్దమ్మ కళ్లద్దాలు లేకుండా చదవాలంటే 16 పాయింట్లు కావాలి. వరుసల మధ్య ఎడం మామూలు దాంట్లో ఒకటిన్నర వంతు ఉండాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడి మీద పడతాయి. ఏ4ను మధ్యకు మడిచి పుస్తకంలా వేయాలని ఉంది. ఈ ప్రింటర్‌కు రెండు వైపులా తనంతట వేసే సదుపాయం లేదు కాబట్టి ముందు బేసి పేజీలు, తర్వాత కట్ట తిప్పి సరి పేజీలు. తిప్పే దిక్కు తేల్చుకోవడానికి చిత్తు కాగితాలు పక్కన పెట్టుకున్నాను.

వైఫైని ప్రింటర్ నుంచి పూర్తిగా తప్పించే ఆలోచన కూడా ఉంది. అటక మీద యూఎస్‌బీ ఉన్న పాత రౌటర్ ఒకటి పడి ఉంది. దానిలో రౌటర్లకు ఉచితంగా దొరికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ప్రింటర్‌ను నెట్‌వర్క్‌కు అందించే పీ910ఎన్‌డీ ప్రోగ్రాం పెట్టి, ప్రింటర్‌ను యూఎస్‌బీ తీగతో కలిపితే అదే 9100 పోర్టు మీద ఇంటిల్లిపాదికీ దొరుకుతుంది. 13లో ఉన్నా 11లో ఉన్నా చింత లేదు. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ ఉన్న పాతవాటికి ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కదు. నా దాంట్లో 8, 64 ఉన్నాయి కాబట్టి ఇరుకుగానైనా సరిపోవాలి. దాని పవర్ అడాప్టర్ కనిపించడం లేదు, రౌటర్ అడుగున లేబుల్ చెరిగిపోయింది. అది 9 వోల్టులదో 12 వోల్టులదో ముందు తేల్చుకోవాలి. ఆదివారం ఆ పని.