డొమైన్ ఎవరి పేరున ఉంది?

చీరాలలో మా బాబాయిగారికి చేనేత చీరల దుకాణం ఉంది. మొన్న దుకాణం వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని ఫోను చేశారు. ఆరా తీస్తే, సైటు తయారుచేసిన అబ్బాయి డొమైన్‌ను, అంటే సైటు చిరునామాగా వాడే పేరును, తన పేరునే, తన ఈమెయిల్‌తోనే నమోదు చేశాడని తేలింది. నమోదు గడువు తీరిపోయింది; హెచ్చరికలన్నీ అతను చూడని ఆ పాత ఈమెయిల్‌కే వెళ్లాయి. పన్నెండేళ్లుగా చీరల సంచులపై అచ్చవుతున్న పేరు అది. నాకు చాలా బాధ కలిగింది.

ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ ఐకాన్. దాని నియమాల ప్రకారం డాట్ కామ్ వంటి పేర్లకు రిజిస్ట్రార్, అంటే పేర్లను నమోదు చేసే సంస్థ, గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి గుర్తుచేయాలి. గడువు తీరి తొలగించిన పేరును సైతం 30 రోజులలోపు అదనపు రుసుము కట్టి తిరిగి పొందవచ్చు. మరో రిజిస్ట్రార్‌కు మారదలిస్తే, అడిగిన 5 రోజులలో బదిలీ కోడ్ ఇవ్వాలి. అయితే ఈ హక్కులన్నీ నమోదులో పేరున్న వ్యక్తివే గాని, డబ్బు కట్టిన వారివి కావు. చాలామంది గమనించనిది ఇదే.

బాధ్యతలూ అతనివే. చిరునామా, ఫోను, ఈమెయిల్ మారితే 7 రోజులలో సరిచేయాలి. వివరాల నిజానిజాలపై రిజిస్ట్రార్ అడిగినప్పుడు 15 రోజులు దాటినా బదులివ్వకపోతే పేరు పనిచేయకుండా ఆపేయవచ్చు, రద్దూ చేయవచ్చు.

అదృష్టవశాత్తు ఆ అబ్బాయి దొరికాడు, పేరును తిరిగి పొందే గడువులోపే రుసుము కట్టాడు. ఇప్పుడు డొమైన్ బాబాయిగారి పేరున ఉంది. వచ్చే గడువు తేదీని ఆయన గల్లాపెట్టె మూత లోపల రాసి అతికించుకున్నారు.