ప్రొఫెసర్ ఒప్పుకుంటేనే సీటు

మా వైపు పీజీ సీటు అంటే ర్యాంకు, కౌన్సెలింగ్, ఫీజు రసీదు. నేను అమెరికాలో అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ ఎంఎస్‌కు ప్రయత్నిస్తున్నానని తెలిశాక, ఒడిశాలోని మా కాశీనగర్‌లోనూ పర్లాకిమిడిలోనూ చుట్టాలందరూ అడిగింది ఒకటే: "ర్యాంకెంత బాబూ?" ర్యాంకు ఉండదంటే, చెప్పుకోలేనంత తక్కువ వచ్చిందని అనుకున్నారు.

ర్యాంకు దారి కూడా లేకపోలేదు. అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ బీటెక్ చదివినవాళ్లు గేట్‌లో ఏజీ పేపరు రాయవచ్చు, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ శాఖలో 1952 నుంచీ పాఠాలు చెబుతున్న ఖరగ్‌పూర్ ఐఐటీ మాకు మరీ దూరమూ కాదు. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుంది. నా తోటివాళ్లలో ఎక్కువమంది అటే వెళ్లారు. నాకు మాత్రం చివరి ఏడాది ప్రాజెక్టులో స్వాట్ మోడల్ పట్టుకుంది. ఒక నదీ పరీవాహక ప్రాంతంలో పడిన వాన ఎంత ఇంకుతుందో, ఎంత పారుతుందో, మట్టిని ఎంత మోసుకుపోతుందో లెక్కగట్టే పద్ధతి అది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు టెక్సస్‌లో తయారు చేశారు. దానితో రోజూ పనిచేసేవారి దగ్గర చదవాలనిపించింది.

అక్కడ మన శాఖ పేరు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. ఇల్లినాయ్, పర్‌డ్యూ, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల్లో అగ్రికల్చరల్ అండ్ బయలాజికల్ ఇంజనీరింగ్ అంటారు. కొన్నిచోట్ల బయోసిస్టమ్స్ అంటారు. 1907లో పుట్టిన వాళ్ల ఇంజనీర్ల సంఘం కూడా 2005లో తన పేరులో 'బయలాజికల్' చేర్చుకుంది. కాబట్టి పేరు చూసి వదిలేయకుండా, లోపల ఏం నేర్పుతున్నారో చూడాలి.

అర్హతల జాబితా చూస్తే భయపడాల్సింది లేదు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ డిగ్రీ, నాలుగు పాయింట్ల కొలమానంలో సాధారణంగా మూడు గ్రేడు సగటు, ఇంగ్లీషు పరీక్ష, మూడు సిఫారసు లేఖలు, మన ఉద్దేశం చెప్పే వ్యాసం. 2020 తర్వాత చాలా విభాగాలు జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష అడగడం మానేశాయి. మన పది పాయింట్ల ఓజీపీఏను (డిగ్రీ మొత్తం గ్రేడుల సగటు) సొంతంగా మార్చి రాయనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు వేసి, మార్కుల పత్రం వెనుక గ్రేడుల వివరణ ఉంటే ఆ పేజీ కూడా జతచేస్తే చాలు. ఐఈఎల్‌టీఎస్ విశాఖలో రాశాను. అది రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి తొందరపడి ముందే రాసుకోవడంలో లాభం లేదు.

అసలు కథ ఆ జాబితాలో ఒక మూల ఉంటుంది. మనల్ని తన దగ్గర చేర్చుకోవడానికి ఒక ప్రొఫెసర్ సిద్ధపడాలి, ఆయన ప్రాజెక్టులో డబ్బు ఉండాలి. రిసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తే వారానికి ఇరవై గంటలు పని, బదులుగా ఫీజు మినహాయింపు, నెల జీతం. అది లేకుండా అక్కడి ఖర్చు మా ఇంటి తాహతుకు అందదు. దరఖాస్తుల గడువు డిసెంబరు, జనవరి కాబట్టి వినాయకచవితి నాటికే మెయిళ్లు మొదలుపెట్టాను. ఎక్కువమంది జవాబివ్వలేదు. ఒకాయన డబ్బు లేదని మర్యాదగా రాశారు. మరొకరు ప్రాజెక్టు రిపోర్టు పంపమన్నారు.

రిపోర్టు పంపమన్న ఆ ఒక్క జవాబూ వచ్చింది వంశధార పుణ్యమే అని నా నమ్మకం. మెయిల్లో చిన్నప్పటి నుంచీ వ్యవసాయమంటే ప్రాణం అన్న ధోరణిలో రాయకూడదని ముందే అనుకున్నాను. అలాంటివి వాళ్లు బోలెడు చదివి ఉంటారు. కలహండి కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది, దాని నీటి మీద రెండు రాష్ట్రాల తగవు, 2017లో ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పు, ఆ నది మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ గురించి రాశాను. మా కాశీనగర్‌లోనే కేంద్ర జలసంఘం ప్రవాహం కొలిచే కేంద్రం ఉంది. ఆ లెక్కలతో నా మోడల్‌ను సరిచూశానని, వరద నెలల్లో అది ఎక్కడ తప్పుతోందో కూడా చెప్పాను. ఫోన్లో మాట్లాడినప్పుడు ఆ ప్రొఫెసర్ అడిగిన ప్రశ్నలన్నీ ఆ తప్పు మీదే.

సిఫారసు లేఖల దగ్గర విసుగొచ్చింది. చాలా విశ్వవిద్యాలయాలు సంస్థ మెయిలు నుంచి వచ్చిన లేఖనే నమ్ముతాయి. మా మాస్టారు ఒకరికి ఆ మెయిలు ఉంది గానీ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. ఇక పేరు సంగతి. ఇంట్లో ఇంటిపేరు ముందు, ఒడియా బడిలో చివర, ఇంటర్ పత్రంలో పొడి అక్షరం. దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి కాబట్టి నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి అన్నిటికీ జతపరిచాను.

ఆఫర్ మార్చిలో వచ్చింది. ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 దాకా గడువు ఇవ్వాలని అక్కడి గ్రాడ్యుయేట్ పాఠశాలలు చాలావరకు ఒప్పందం చేసుకున్నాయి, కంగారుపడి సంతకం పెట్టనక్కర్లేదు. వీసా కోసం కోల్‌కతా వెళ్లాలేమోనని నాన్నగారు దిగులుపడ్డారు గానీ, ఒడిశా వాళ్లది హైదరాబాద్ కాన్సులేటే. పలాసలో ఫలక్‌నుమా ఎక్కితే సరిపోయింది.

మా గుణుపురం స్నేహితురాలిది వేరే చిక్కు. ఆమెది బీఎస్సీ అగ్రికల్చర్, ప్లస్ టూలో లెక్కలు లేవు. ఇంజనీరింగ్ ఎంఎస్‌కు కాల్‌క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఫ్లూయిడ్ మెకానిక్స్ లేని లోటు పూడ్చుకోవాలన్నారు. కొన్నిచోట్ల ఇంజనీరింగ్ డిగ్రీ లేనివారికి రెండో తలుపు ఉంటుంది. ఇల్లినాయ్‌లో దాన్ని ఇదివరకు టెక్నికల్ సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ అనేవారు. యంత్రాలూ సాంకేతికతా ఎలా వాడాలన్నది అక్కడ ముఖ్యం, డిజైన్ లెక్కలు తక్కువ. ఆమెకు అది రెండో రకం డిగ్రీలా అనిపించింది. నాకైతే ఆమెకు సరిగ్గా సరిపోయేది అదే అనిపిస్తుంది. ఇద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. ఈలోగా ఆమె కాల్‌క్యులస్ మొదలుపెట్టింది. డిసెంబరులో రెండు రకాల దరఖాస్తులూ పెడుతుంది. మూడో లేఖ ఎవరిని అడగాలో ఇంకా తేలలేదు.